మాస్టారి ఆఖరి శిష్యుడు

జూన్ నెల మూడో వారం. తెల్లవారుజామున నాలుగున్నర అయింది. అండమాన్ దీవులు తూర్పున ఎంతో దూరాన ఉన్నందువల్ల ఆ రోజుల్లో అక్కడ ఐదు గంటలకే సూర్యోదయమవుతుంది. కాని ఆనాడు ఆకాశంలో సూర్యుడి జాడ లేదు. నాలుగు రోజులుగా ఎడతెరపి లేని వాన. రేకుల కప్పుమీద పడే చినుకుల హోరులో, ఇంట్లో ఒకరు పిలిస్తే మరొకరికి వినిపించడం లేదు.

ఆ ఇంటి యజమాని, విశ్రాంత ఉపాధ్యాయుడు, చేతిలో చుట్టగా చుట్టిన పాత వార్తాపత్రికతో ముందుగది మధ్యలో నిలబడి ఉన్నారు. ఎర్ర సిమెంటు నేలమీద, పుస్తకాల పెట్టె పక్కన, చిన్న మడుగు మెరుస్తున్నది. దాని యజమాని మంచం కింద మూలకు నక్కి, రెండు కళ్ళు మాత్రం కనబడేలా పడుకొని ఉంది. వయస్సు ఏడు వారాలు. గోధుమవన్నె ఒళ్ళు, మూతిమీద నల్లమచ్చ.

“భయం లేనిదే బుద్ధి రాదు” అన్నారు మాస్టారు, ఎవరితోనన్నది తెలియకుండా. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన నమ్మిన సూత్రం అదొక్కటే. మంచాన్ని పక్కకు జరిపి, పిల్లను మెడపట్టి తెచ్చి, మడుగుకు మూతి ఆనించి, కాగితపు చుట్టతో రెండు దెబ్బలు వేశారు. అది కీచుమని అరిచి మళ్ళీ మంచం కిందికి పారిపోయింది.

తలుపు దగ్గర ఏడేళ్ళ మనవడు నిలబడి చూస్తున్నాడు. వాడేమీ అనలేదు. చొక్కా అంచును గుప్పిట్లో నలుపుకుంటూ కాసేపు చూసి, నిశ్శబ్దంగా వెనుదిరిగి పోయాడు.

డింగీ కింద పుట్టిన పిల్ల

2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయర్ పట్టణంలో జంగ్లీఘాట్ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరగ్రామాల నుంచి చేపల వేటకు, కూలికి, చిన్న వ్యాపారాలకు తరతరాలుగా వచ్చి స్థిరపడినవారు ఆ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలమంది. అంటే నూటికి పదముగ్గురు. మాస్టారు కూడా అలా వచ్చినవారి బిడ్డే. ఇక్కడే చదువుకొని, ఇక్కడి బడుల్లోనే తెలుగు, గణితం చెప్పి, ఇక్కడే పదవీ విరమణ చేశారు.

ఆయన కొడుకు దీవుల మధ్య తిరిగే ఓడలో ఉద్యోగి. కోడలు నర్సు. ఆ ఏడాది వేసవిలో ఆమెకు కార్ నికోబార్‌కు బదిలీ అయింది. పిల్లవాడి చదువు చెడకూడదని వాణ్ణి తాత, నాయనమ్మల దగ్గర ఉంచి ఆమె వెళ్ళింది. తల్లి ఎక్కిన ఓడ కనుమరుగయ్యేదాకా వాడు జెట్టీమీద నిలబడి చెయ్యి ఊపాడు. ఏడవలేదు. ఆ తర్వాత మాత్రం మాటలు తగ్గించాడు. అడిగితే బదులు చెప్పేవాడు. తనంత తానుగా ఏదీ చెప్పేవాడు కాదు.

అటువంటి పిల్లవాడు ఒక సాయంత్రం తడిసిన చొక్కా లోపల ఏదో దాచుకొని, వగరుస్తూ ఇంటికి వచ్చాడు. చేపల జెట్టీ దగ్గర బోర్లించిన పాత డింగీ కింద ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. తల్లి రెండు రోజులుగా కనబడటం లేదు. మిగతా మూడింటినీ ఎవరెవరో పట్టుకుపోయారు. ఇది మిగిలింది. ఈ కథంతా వాడు ఒక్క గుక్కలో చెప్పాడు. గత రెండు నెలల్లో వాడు అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఇదే మొదలు.

“ఉంచుకుందామండీ” అంది మాస్టారి భార్య. మడీ తడీ పట్టింపు ఉన్న ఆమె నోటివెంట ఆ మాట రావడం మాస్టారికే వింతగా తోచింది. పిల్లవాడి ముఖంలో ఆమె చూసినదేదో ఆయన చూడలేదు.

మాస్టారు ఒప్పుకున్నారు, కాని ఒక షరతు పెట్టారు. “నెలరోజులు గడువు. ఇల్లు పాడుచేయకుండా ఉండటం నేర్చుకుంటే సరే. లేకపోతే వండూరు తీసుకుపోయి వదిలేస్తాను.”

పిల్లవాడు దానికి డింగీ అని పేరు పెట్టాడు.

వండూరులో వదిలితే ఏమవుతుంది?

వండూరు పట్టణానికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న సముద్రతీర గ్రామం. అక్కరలేని కుక్కపిల్లను దూరంగా ఏదో తీరంలో విడిచి రావడం ఈ దీవుల్లోనే కాదు, ఏ ఊళ్ళోనైనా మనుషులు చేసే పనే. విడిచినవాడు వెనక్కి తిరిగి చూడడు గనుక తర్వాత జరిగేది వాడికి తెలియదు.

అండమాన్ అడవుల్లో పులి లేదు, చిరుత లేదు, నక్క కూడా లేదు. కుక్క సైతం ఇక్కడి జంతువు కాదు. 1858 మార్చి 10న డాక్టర్ జె. పి. వాకర్ రెండువందలమంది ఖైదీలతో ఇక్కడ దిగి శిక్షాస్థావరాన్ని నెలకొల్పే దాకా ఈ దీవుల ఆదివాసులకు కుక్క అంటే తెలియదు. స్థావరంతోపాటు కుక్క వచ్చింది. అడవిపందిని విల్లంబులతో వేటాడే గ్రేట్ అండమానీయులు దాని ముక్కు విలువను త్వరలోనే గ్రహించారు. మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1906-08 సంవత్సరాల నడుమ ఇక్కడ పరిశోధన చేసేనాటికే వారి పందివేటలో కుక్క భాగమైపోయింది. వేల ఏళ్ళుగా కుక్కను ఎరుగని జాతి యాభై ఏళ్ళలో దానితో స్నేహం కుదుర్చుకుందన్నమాట.

మనిషి చెంత ఉన్న కుక్క కథ అది. మనిషి విడిచిన కుక్క కథ వేరు. ఈ దీవుల ఇసుక తీరాలకు నాలుగు జాతుల సముద్రపు తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి. చలికాలపు రాత్రుల్లో తల్లి తాబేలు ఒడ్డుకు పాకి, గొయ్యి తవ్వి, నూరు గుడ్ల వరకూ పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. ఆకలిగొన్న కుక్కకు ఆ గొయ్యి ఆనవాలు పట్టడం ఎంతసేపు? మధ్య అండమాన్‌లో రంగత్ సమీపాన ఉన్న కత్‌బర్ట్ బే వంటి చోట్ల అటవీశాఖవారు గుడ్లను సేకరించి, కంచెవేసిన ఆవరణల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. ఆ కంచెలు ఎవరి భయంతో వేసినవో తెలుసుకుంటే, ఇంట్లో అలవాటు నేర్పలేక తీరంలో వదిలిన కుక్కపిల్ల భవిష్యత్తు ఎటువంటిదో బోధపడుతుంది. బతికితే అది తాబేళ్ళకు శత్రువు. బతకకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఈ సంగతులన్నీ మాస్టారికి తెలియనివి కావు. బడిలో పిల్లలకు చెప్పినవే. అయినా గడువు పెట్టిన తర్వాత మాట తప్పడం ఆయన స్వభావంలో లేదు.

“మానిందా, దాక్కుందా?”

మొదటి పది రోజులూ ఇంట్లో యుద్ధమే. డింగీ తప్పు చేయడం, మాస్టారు దండించడం, అది మంచం కిందికి దూరడం. వారం తిరిగేసరికి ముందుగదిలో మడుగులు కనబడటం మానేశాయి. మాస్టారు సంతోషించారు. ఆ సంతోషం రెండు రోజులే. మూడో రోజున చెక్క బీరువా వెనుకనుంచి దుర్గంధం వచ్చింది. జరిపి చూస్తే అక్కడ మూడు రోజుల బాకీ పేరుకుపోయి ఉంది. అంతేకాదు, మాస్టారి అడుగుల చప్పుడు వింటేనే డింగీ నిలబడినచోటే కాస్త తడిపేయసాగింది.

చేపల గంపతో వాకిట్లోకి వచ్చిన సోంపేట ప్రాంతపు పెద్దామె ఆ దృశ్యం చూసి నవ్వింది. “ఏటి మేస్టారూ, గుంటడికి సదువు సెప్పినట్టు దానికీ సెప్తన్నారేటి? అది పసిగుంట. దానికేటి తెలుస్తాది? ఒగ్గీండి బాబూ.”

మాస్టారు నవ్వలేదు. మర్నాడు డింగీని సంచిలో పెట్టుకొని, గొడుగు వేసుకొని, మనవణ్ణి వెంటబెట్టుకొని పశువైద్యశాలకు వెళ్ళారు. అక్కడి డాక్టరు పాతికేళ్ళు దాటిన యువతి. ఆయన చెప్పినదంతా ఓపికగా విని ఒక్క ప్రశ్న వేసింది.

“కొట్టిన తర్వాత అది ఆ పని మానిందా మాస్టారూ, మీ ఎదుట చేయడం మానిందా?”

మాస్టారు జవాబు చెప్పలేదు. జవాబు బీరువా వెనుక ఉంది.

తర్వాత ఆమె చెప్పిన విషయాలు కుక్కను పెంచేవారందరూ తెలుసుకోదగినవి. పుట్టిన కొత్తలో కుక్కపిల్ల తనంత తానుగా మలమూత్ర విసర్జన కూడా చేయలేదు; తల్లి నాకినప్పుడే చేస్తుంది, తల్లే శుభ్రం చేస్తుంది. మూడు వారాలు నిండేసరికి అది పడుకునే చోటు విడిచి కాస్త దూరం జరిగి ఆ పని చేయసాగుతుంది. అంటే పరిశుభ్రత దానికి మనం నేర్పేది కాదు. అది పుట్టుకతో తెచ్చుకున్నదే. మన ఇల్లంతా తన పడక అని దానికి తెలియదు, అంతే. ఎనిమిది, తొమ్మిది వారాల వయస్సులో అది ఒక చోటును, ఒక రకమైన నేలను ఆ పనికి ఎంచుకొని అలవాటు పడుతుంది. ఈ విషయాన్ని అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు అనేక ఏళ్ళు కుక్కపిల్లలను గమనించి, 1965లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆ రెండు వారాల్లో సిమెంటు నేలకు అలవాటు పడిన పిల్లకు తర్వాత మట్టినేల నేర్పడం కష్టం.

ఇక ఆపుకునే శక్తి సంగతి. నెలకు ఒక గంట చొప్పున లెక్క వేసుకుంటే దాదాపు సరిపోతుంది. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిండి తిన్న పావుగంటకు, ఆట ముగియగానే దానికి అవసరం కలుగుతుంది. ఆ వేళల్లో బయటికి తీసుకుపోతే తప్పు చేసే అవకాశమే ఉండదు. బయట ఆ పని ముగించిన మరుక్షణమే మెచ్చుకోవాలి. ఇంట్లోకి వచ్చిన తర్వాత మెచ్చుకుంటే, ఇంట్లోకి వచ్చినందుకే మెచ్చుకున్నారనుకుంటుంది. జరిగిపోయిన తప్పుకు తర్వాత దండించినా అంతే. దెబ్బకూ మడుగుకూ ఉన్న సంబంధం దానికి అందదు. దెబ్బకూ మనిషికీ ఉన్న సంబంధం మాత్రం అందుతుంది.

“ఈ అలవాటు మన ఊళ్ళో మరీ ముఖ్యం” అంది డాక్టరు. దేశమంతటినీ పీడించే రేబిస్ వ్యాధి అండమాన్ నికోబార్, లక్షద్వీపాలలో లేదన్నది ప్రసిద్ధమైన విషయమే. కాని ఈ దీవులకు మరొక బెడద ఉంది. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో వానల చివర ఏటా ఒక జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై మనుషులు చనిపోయేవారు. అండమాన్ రక్తస్రావ జ్వరమని దానికి పేరు పెట్టారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1990లలో తేలింది. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రం కలిసిన నీటిద్వారా, తడినేలద్వారా ఆ క్రిమి మనిషి చర్మపు పగుళ్ళలోకి, గాయాల్లోకి ప్రవేశిస్తుంది. అందుకే కుక్కకు టీకా వేయించాలి. మూత్రాన్ని వట్టి చేతులతో తుడవకూడదు. పిల్లలు చెప్పులు లేకుండా అక్కడ తిరగకూడదు.

టీకా వేయించుకొని తిరిగివస్తూ మాస్టారు మనవడి పాదాలవంక చూశారు. వాడు రబ్బరు చెప్పులు చేతబట్టుకొని నీళ్ళలో నడుస్తున్నాడు. “చెప్పులు తొడుక్కో” అన్నారు. ఎప్పటి గొంతే. వాడు ఉలిక్కిపడి తొడుక్కున్నాడు. ఆ ఉలికిపాటు ఆయన చూశారు. అప్పటికి దాని అర్థం తెలియలేదు.

నోటు పుస్తకం

గణితం మాస్టారు గనుక ఆయనకు లెక్కలు రాసుకోవడం ఇష్టం. ఆ సాయంత్రమే ఒక పాత నోటు పుస్తకం తీసి గళ్ళు గీశారు. నిద్ర లేచిన వేళ, తిన్న వేళ, బయటికి తీసుకుపోయిన వేళ, ఫలితం. మూడు రోజుల్లోనే డింగీ జీవితం ఆయనకు గడియారంలా కనబడసాగింది. తిన్న పద్దెనిమిది నిమిషాలకు అది నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంది. అదే సమయం.

అయితే వాన ఒప్పుకోలేదు. తడినేలమీద కాలు పెట్టడానికి డింగీ ససేమిరా అన్నది. గుమ్మం దాటించి దింపితే ఒక కాలు పైకెత్తి, మనిషి ముఖంవంక చూసి, మళ్ళీ లోపలికి దూకేది. ఏడాదికి సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట, నైరుతి వానలు వెళ్ళిన వెంటనే ఈశాన్య వానలు వచ్చే చోట, ఆకాశం తెరిపి ఇచ్చేదాకా ఆగడం జరిగే పని కాదు. మాస్టారు పెరట్లో పోకచెట్ల పక్కన నాలుగు వెదురు గుంజలు పాతి, పైన పాత రేకు ఒకటి కట్టారు. దాని కింద వడ్రంగి దుకాణం నుంచి తెచ్చిన రంపపు పొట్టు పరిచారు. డింగీ తడిపిన పాతగుడ్డ ముక్కను దానిమీద ఉంచారు, వాసన గుర్తు పట్టడానికి. ఇంట్లోని పాత మరకలను మటుకు ఆ వాసన మిగలకుండా సబ్బునీటితోనూ తర్వాత వెనిగర్ కలిపిన నీటితోనూ కడిగించారు.

నాలుగోనాటి ఉదయం గొడుగు కింద వంగి నిలబడిన ఆయన ఎదుట డింగీ రంపపు పొట్టుమీద కూర్చొని తన పని ముగించింది. “భేష్!” అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన నోటివెంట ఎన్నాళ్ళకు వచ్చిందో! వంటింటి కిటికీలోంచి భార్య తొంగి చూసింది. మనవడు చప్పట్లు కొట్టబోయి, తాతవంక చూసి, చేతులు దించుకున్నాడు.

అర్ధరాత్రి

రాత్రిపూట కూడా ఒకసారి లేపి తీసుకుపోవాలని డాక్టరు చెప్పింది. మాస్టారు రెండు గంటలకు గడియారం మోగేలా పెట్టుకున్నారు. జులై మొదటి వారంలో ఒక రాత్రి ఆయన లేచేసరికి స్నానాలగది దగ్గర దీపం వెలుగుతున్నది. వాన హోరున కురుస్తున్నది. రేకుల మీదినుంచి పీపాలోకి పడే నీటి చప్పుడుకు తోడు మరేదో చప్పుడు వినిపించింది.

మనవడు పక్కదుప్పటిని పీపా నీటిలో ముంచి ఉతుకుతున్నాడు. చిన్నచేతులకు ఆ బరువు ఆగడం లేదు. లాగు తడిసి ఉంది. వాన చప్పుడులో ఎవరికీ వినిపించదని వాడు ఆ వేళను ఎంచుకున్నాడు.

అడుగుల సవ్వడికి వెనుదిరిగి తాతను చూడగానే వాడు రెండు చేతులూ తలమీద అడ్డం పెట్టుకొని గోడవారగా ముడుచుకుపోయాడు. మాస్టారు కదలలేదు. ఆ ముడుచుకుపోవడం ఆయన నెలరోజులుగా మంచం కింద చూస్తున్నదే.

“తాతయ్యా, నెలలోగా మానేస్తాను” అన్నాడు వాడు. “నన్ను వండూరులో వదిలెయ్యొద్దు.”

మాస్టారు గడపమీద కూర్చుండిపోయారు. ఆయనకు వెంటనే మాట రాలేదు. భార్యకు ఈ సంగతి రెండు నెలలుగా తెలుసు. ఉదయమే ఎవరూ చూడకముందు ఆమె దుప్పట్లు ఆరవేస్తున్నది. కుక్కపిల్లను ఉంచుకుందామని ఆమె అన్నది కూడా అందుకే. ఆయనకు చెప్పకపోవడానికి కారణం ఆయనే.

నన్నయగారి భారతం ఆదిపర్వంలో సరమ కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తుండగా సరమ అనే దేవతల కుక్కకు పుట్టిన పిల్ల ఆడుకుంటూ అక్కడికి వస్తుంది. రాజు తమ్ములు దాన్ని కొట్టి తరుముతారు. అది ఏ తప్పూ చేయలేదు. అది ఏడుస్తూ పోయి తల్లికి చెప్పుకుంటుంది. తల్లి వచ్చి రాజును నిలదీస్తుంది: ఏమీ ఎరుగని పసిదాన్ని దయలేక కొట్టినవారికి కారణం తెలియని భయాలు వచ్చి పడతాయని. మాస్టారు ఆ ఘట్టాన్ని ఏటేటా పిల్లలకు రాగయుక్తంగా చదివి వినిపించేవారు, బల్లమీద బెత్తం ఉంచుకొని. బెత్తానికీ పద్యానికీ ఉన్న సంబంధం ముప్పై నాలుగేళ్ళలో ఒక్కనాడూ ఆయనకు తట్టలేదు.

చాలాసేపటికి ఆయన లేచి, దుప్పటికి రెండో కొస పట్టుకున్నారు. “ఇటు పిండు” అన్నారు. ఇద్దరూ కలిసి పిండి, వసారాలో తాడుమీద ఆరవేశారు. పొడి లాగు తెచ్చి ఇచ్చారు. తర్వాత, ఏమీ జరగనట్టే, “డింగీకి వేళయింది. చీకట్లో నాకు సరిగా కనబడదు. రోజూ ఈ వేళకు నువ్వు టార్చిలైటు పట్టుకొని తోడు రావాలి. వస్తావా?” అని అడిగారు.

వాడు తల ఊపాడు.

ఆ రాత్రినుంచి రెండు గంటలకు ముగ్గురూ లేచేవారు. ముందు పిల్లవాడు స్నానాలగదికి వెళ్ళి వచ్చేవాడు. తర్వాత టార్చి పట్టుకొని పెరట్లోకి నడిచేవాడు. దుప్పటి ప్రసక్తి మాస్టారు మళ్ళీ తేలేదు. తడిసిన రోజున ఏమీ అనేవారు కాదు. ఏడేళ్ళ పిల్లల్లో నూటికి ఐదు నుంచి పదిమందికి ఇలా జరగడం మామూలేనని, అది సోమరితనమూ కాదు, మొండితనమూ కాదని, నిద్రలో మూత్రాశయం నిండిన కబురు మెదడుకు అందడం ఆలస్యమయ్యే పిల్లలు వీరని, మనసుకు దిగులు కలిగినప్పుడు మానిన పిల్లల్లోనూ మళ్ళీ కనబడవచ్చని, దండన దాన్ని పెంచుతుందే గాని తగ్గించదని, పిల్లల డాక్టరు దగ్గర ఆయన స్వయంగా తెలుసుకొని వచ్చారు. కోడలికి వారానికి రెండుసార్లు కాక రోజూ సాయంత్రం ఫోను చేయించే ఏర్పాటు కూడా చేశారు. కుక్కపిల్ల లెక్కలు రాసిన నోటు పుస్తకంలో మనవడి లెక్క మాత్రం రాయలేదు. కొన్ని లెక్కలు ఎవరి కంటా పడకపోవడమే మంచిదని ఆయనకు తోచింది.

నెల గడువు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ గమనించలేదు.

గొడుగు

వినాయక చవితి వెళ్ళేసరికి డింగీ తలుపు దగ్గరికి పోయి కూర్చోవడం నేర్చుకుంది. తలుపు తీయకపోతే ముందుకాలితో ఒకసారి గీకేది; అప్పటికీ తీయకపోతే వచ్చి మాస్టారి పంచె కొస పట్టుకొని లాగేది. ఆయన అడుగుల చప్పుడుకు మంచం కింద దూరడం మానడానికి మాత్రం దానికి మరో నెల పట్టింది. అలవాటు నేర్పడం సులువే; భయం మరిపించడానికే ఎక్కువ కాలం పడుతుంది. ఆ కాలమంతా మాస్టారు నేలమీద కూర్చొని, అన్నం ముద్ద అరచేతిలో పెట్టుకొని, అది తనంత తానుగా వచ్చేదాకా ఎదురు చూసేవారు.

పిల్లవాడి దుప్పట్లు తాడుమీద కనబడే రోజులూ క్రమంగా తగ్గాయి. మొదట వారంలో నాలుగు రోజులు, తర్వాత రెండు, ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి. వాడు బడిలో ఏం జరిగిందో అడగకుండానే చెప్పసాగాడు.

దసరా సెలవుల్లో కొడుకు ఓడ దిగి ఇంటికి వచ్చాడు. ఆనాడు కూడా కుండపోతగా వాన. గేటు తీస్తూనే అతడు ఆగిపోయాడు. పెరట్లో రేకు కప్పు గాలికి లేచిపోయింది. దాని స్థానంలో తండ్రి గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నారు. గొడుగు ఆయనమీద లేదు, కుక్కమీద ఉంది. ఆయన నెత్తిమీదినుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనే చెప్పులు తొడుక్కున్న పిల్లవాడు, తాత గంజివేసిన గొంతుతో అనే “భేష్!” అన్న మాటను అనుకరిస్తూ నవ్వుతున్నాడు.

కొడుకు కూడా చిన్నప్పుడు ఎనిమిదేళ్ళ దాకా పక్క తడిపినవాడే. ఆ ఉదయాలు అతడికి బాగా గుర్తున్నాయి. తండ్రితో ఆ విషయం ఎన్నడూ మాట్లాడలేదు. ఆ రోజు భోజనాలయ్యాక వసారాలో ఇద్దరే కూర్చున్నప్పుడు, కాసేపు వానవంక చూసి, మెల్లగా అన్నాడు:

“నా చిన్నప్పుడు ఈ గొడుగు ఎక్కడుండేది నాన్నగారూ?”

మాస్టారు ఆ ప్రశ్నకు తడబడలేదు. చాలా రోజులుగా ఆ ప్రశ్న కోసమే ఆయన ఎదురు చూస్తున్నట్టు కనిపించింది.

“అప్పుడు నాకు తెలియదురా” అన్నారు. కాస్త ఆగి, “తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అది నా తప్పే” అన్నారు.

కొడుకు మరేమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, సుత్తి, మేకులు వెదికి తెచ్చాడు. వాన కాస్త తెరిపి ఇవ్వగానే తండ్రీ కొడుకులిద్దరూ పెరట్లోకి నడిచి, లేచిపోయిన రేకును వెదురు గుంజలకు మళ్ళీ బిగించి కట్టారు. ఒక గుంజ కుళ్ళిపోయి ఊగుతున్నది. దాని స్థానంలో పాతడానికి ఏదైనా కర్ర ఉందా అని కొడుకు అడిగాడు. మాస్టారు ఇంట్లోకి వెళ్ళి, తలుపు మూలన ఏళ్ళ తరబడి నిలబడి ఉన్న బెత్తాన్ని చూశారు. అది పొట్టిది, గుంజకు చాలదు. అయినా తీసుకొచ్చి ఇచ్చారు.

“దీన్ని రేకుకు అడ్డంగా కట్టు, గాలికి లేవకుండా ఉంటుంది” అన్నారు.

డింగీ తలుపు దగ్గర కూర్చొని, పని ఎప్పుడు ముగుస్తుందా అని వారివంక చూస్తున్నది. దానికి వేళయింది.